సొరుగు గదిలో కురిడీ కాయ

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబరు 5, 2009.

బావకి,

హనుమయ్య రెండు చెవులూ పట్టుకుని రాస్తున్నది.

నువ్వు ట్రైలర్‌తో ఆగిపోయిన ఆ క్యాంపు ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా వాల్టర్ అనే ముసలాయనే ఎత్తుతున్నాడు. "మీ బావ ట్రైలర్ కింద ఉన్నాడు, నీతో మాట్లాడడట" అంటున్నాడు. నీ సెల్‌ఫోన్‌కి ఆ వెస్ట్ వర్జీనియా కొండల మధ్య సిగ్నల్ అందదు. అందుకని కాగితం కొన్నాను. ఇంటర్ రెండోసారి తప్పాక ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకో.

ముందు అసలు మాట చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టు. ట్రైలర్ గోడలోంచి బయటికి జరిగే ఆ గది, స్లైడ్ అవుట్ అని నువ్వూ సొరుగు గది అని అక్కా అంటారే, అది లోపలికి పోకుండా ఇరుక్కోవడానికి కారణం మోటారు కాదు, బ్యాటరీ కాదు. నేను.

మీరు బయల్దేరే ముందు మా డ్రైవ్‌వేలో దానికి వాహన పూజ చేశాం కదా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, అక్క హారతిచ్చింది. నువ్వు మాత్రం సొరుగు గదిని బయటికీ లోపలికీ జరుపుతూ గోడకి చెవి ఆనించి వింటున్నావు. జన్మంతా కార్ల కంపెనీలో కిర్రుమనే చప్పుళ్ళూ గలగలమనే చప్పుళ్ళూ పట్టుకునే ఇంజినీరుగా బతికి రిటైరయ్యావు, అలవాటెక్కడికి పోతుంది? వచ్చినవాళ్ళందరి ముందూ "హనుమా, ఈ బండిలో ఒక్క గలగల వినిపించు చూద్దాం!" అన్నావు. నాతో అనాల్సిన మాటేనా అది?

మా గిరిజ వంటింటి డబ్బాలో ఒక కురిడీ కాయ ఉంది. లోపల కొబ్బరి ఎండి, చిప్ప నుంచి ఊడి, ఊపితే గిలకలా మోగేది. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో నీ చెవికి అంతు చిక్కకూడదని దానికి నా చిరిగిన బనీను చుట్టి, సొరుగు గది కింద కుడివైపు, గేరు తిరిగే పళ్ళపట్టీ పక్కన దోపాను. రోడ్డు మీద అది మోగాలి, నువ్వు ఒహాయో పొడుగునా బండి ఆపి ఆపి వెతకాలి, నేనిక్కడ కూర్చుని నవ్వాలి. బావమరిది అన్నాక ఆ మాత్రం హక్కు లేదా అనుకున్నాను. అది దొర్లి గేరుకే అడ్డం పడుతుందని అనుకోలేదు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. బటన్ ఇంక నొక్కకు. నొక్కేకొద్దీ బనీను ఇంకా బిగుస్తుంది. కింద మోటారుకి బ్రేకు మీట ఉంటుంది, అది వదులు చెయ్యి. చేత్తో తిప్పే కడ్డీ పెట్టి గదిని కాస్త బయటికే తిప్పు. లోపలికి కాదు, బయటికి. గుడ్డ వదులవుతుంది. బ్లేడుతో కోసి లాగేయి. కాయ దానంతటదే రాలుతుంది.

అయిపోగానే క్యారీలో నీ కూతురింటికి కబురు పెట్టు. అక్క ట్రక్కు తోలుకుంటూ ఒక్కతే రేణు దగ్గరికి వెళ్ళిపోయిందట. అరవై నిండబోతూ ఆ కొండదారిలో! రేణుకి నెలలు నిండాయి. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో మీ ఇద్దరికీ చోటు చాలదనే కదా ఈ ట్రైలర్ లాక్కెళ్ళింది. గది లోపలికి వస్తేనే బండి రోడ్డెక్కుతుంది, అప్పుడు అల్లుడు ట్రక్కు తెచ్చి నిన్నూ బండినీ తీసుకెళతాడు. పురుడు వేళకి నువ్వక్కడ ఉండాలి బావా.

నవ్వు రావడం లేదు, నిజం.

హనుమయ్య

*

క్యాంప్‌గ్రౌండ్, బెక్లీ దగ్గర,
అక్టోబరు 9.

హనుమయ్య గారికి,

శేషగిరి వ్రాయునది. మీ ఉత్తరం అందినది. నమ్మలేదు.

నా పెళ్ళిలో నా ఉత్తరీయాన్ని పీటకి మేకు కొట్టిన మనిషి మీరు. నేను స్పాన్సర్ చేసి రప్పిస్తే, డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు నన్ను చూపించి "ఈయనెవరు?" అని అడిగినప్పుడు "ఎవరో తెలియదు, ఇందాకటి నుంచీ నా వెంట పడుతున్నాడు" అన్న మనిషి మీరు. పోయిన ఉగాదికి పచ్చడిలో వేపపువ్వు మానేసి కాకరకాయ తురిమినదీ మీరే. ఇప్పుడు కొబ్బరికాయ ఉందంటే నేను బురదలో వెల్లకిలా పడుకుని వెతకాలి, వాల్టర్ ఫోటో తీయాలి, అది ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంటింటా తిరగాలి. అంతే కదా?

నా పద్ధతిలో నేను చూసుకుంటున్నాను. బ్యాటరీ బాగుంది. ఫ్యూజు మార్చాను. బటన్ నొక్కితే మోటారు మూలుగుతోంది, ఎడమవైపు అంగుళం కదులుతోంది, కుడివైపు కదలడం లేదు. అంటే కుడి గేరులో పిన్ను విరిగింది. కొత్తది తెప్పిస్తున్నాను. రావడానికి సమయం పడుతుంది.

ఈ సంగతి మీ అక్కకి చెప్పగలరు.

శేషగిరి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబరు 12.

బావా,

గారు అంటావా నన్ను? నువ్వు వెధవా అన్నప్పుడల్లా కడుపు నిండేది. ఈ గారుతో అన్నం సయించడం లేదు.

కొబ్బరికాయ నిజం బావా. గిరిజ మీద ఒట్టు. పక్కనే ఉంది, "నా మీదెందుకు, నీ మీదే వేసుకో" అంటోంది. సరే, నా మీదే ఒట్టు. పిన్ను విరగలేదు, మోటారు మూలిగేది నా బనీను చుట్టుకుని. ఎడమ కదిలి కుడి కదలకపోవడం కూడా అందుకే. నువ్వు చెప్పిన గుర్తులన్నీ నా కాయనే చూపిస్తున్నాయి. ఇంత చదువుకుని అది తెలియడం లేదా నీకు?

అక్కకి నేనే చెప్పాను. ఫోన్‌లోనే. ఆవిడ అంది: "ఒరే, నా కూతురు నొప్పులు పడే వేళకి వాళ్ళ నాన్న ఆ అడవిలో ఉంటే, అది నీ వల్లేరా." పెట్టేసింది. అప్పట్నుంచీ నా నంబరు చూస్తే ఎత్తదు. గిరిజ ఫోన్‌లోంచి చేశాను. నా గొంతు వినగానే మళ్ళీ పెట్టేసింది.

నేను తెలివితక్కువవాణ్ణి కావచ్చు గానీ గుడ్డివాణ్ణి కాదు. రేణు నీతో మాట్లాడి ఏడాది దాటింది. పోయినసారి దానికి ఐదో నెలలో కడుపు పోయినప్పుడు నువ్వు ఫోన్‌లో అన్న మాట నాకు తెలుసు. "ఆ ల్యాబ్‌లో పొద్దస్తమానం నిలబడి చాకిరీ చేస్తే ఇంకేమవుతుంది" అన్నావు. అక్క మా ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి చెప్పుకుని ఏడ్చింది. నాకు అన్నీ ఎగతాళే కదా, ఆరోజు ఒక్క ముక్క కూడా దొరకలేదు ఆవిణ్ణి నవ్వించడానికి.

ఈ పురుడు వంకన నువ్వు వెళితే, పసిపిల్లని మధ్యన పెట్టుకుని తండ్రీ కూతుళ్ళు మళ్ళీ మాట్లాడుకుంటారని అక్క ఆశ. దానికి నేను కొబ్బరికాయ అడ్డం పెట్టాను. బావమరిది బావ బతుకు కోరతాడంటారు. నేను కోరింది ఇదా?

మా టైర్ల షాపులో మంచు టైర్లు మార్చే సీజను మొదలైంది, ఓనరు సెలవంటే కళ్ళెర్ర చేస్తాడు. అయినా ఆదివారం నేనే వచ్చి ఆ కింద దూరి తీసేస్తాను. నువ్వు కర్ర పట్టుకుని నిలబడు, నేను బయటికి రాగానే కొట్టు.

హనుమయ్య

*

క్యాంప్‌గ్రౌండ్,
అక్టోబరు 15.

హనుమకి,

ఆదివారం రావద్దు. నీ ఉద్యోగం పోగొట్టుకోవద్దు. నువ్వు వస్తే కాయ దొరుకుతుందేమో గానీ ట్రైలర్ మాయమవుతుంది.

పిన్ను ఇంకా రాలేదు. వచ్చాక చూస్తాను. తొందరేం లేదు. నెలాఖరు దాకా క్యాంపు తెరిచే ఉంటుందట, తర్వాత చలికి మూసేస్తారు. ఇక్కడ నాకు బాగానే జరుగుతోంది. వాల్టర్ భార్య పోయి నాలుగేళ్ళయిందట. పొద్దున్నే ఉప్మా చేసి ఒక ప్లేటు ఇస్తున్నాను. మొదట్లో దాంట్లో ఆవాలు ఏరి పక్కన పెట్టేవాడు, ఇప్పుడు అడిగి వేయించుకుంటున్నాడు. ఆకులన్నీ ఎర్రబడ్డాయి. పక్కన వాగు ఉంది. నిన్న రాత్రి పెద్ద వాన. గదిని లోపలికి లాక్కుని, దుప్పటి కప్పుకుని, రేకు మీద చినుకుల చప్పుడు వింటూ పడుకున్నాను. బండిలో ఒక్క గలగల లేదు.

మీ అక్కతో నీ గురించి మాట్లాడతాను. ఆవిడ కోపం ఎంతసేపు.

రేణు ఎలా ఉందో ఏమైనా తెలిస్తే రాయి.

శేషగిరి

*

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబరు 19.

బావా,

రేణుకి ఆడపిల్ల పుట్టింది. శనివారం. తల్లీ పిల్లా క్షేమం. అక్క నాకు చెప్పలేదు, గిరిజకి చెప్పింది. "ఆ కోతికి నువ్వే చెప్పు" అందట. నీకు ఆఫీసు ఫోన్‌కి చేసి చెప్పిందని కూడా అంది. నువ్వు "సంతోషం" అని, "పిన్ను రాగానే వస్తాను" అన్నావట.

ఇంక నువ్వు గుండె చిక్కబట్టుకో. నేను తిట్టబోతున్నాను.

నీ ఉత్తరం గిరిజకి చదివి వినిపిస్తున్నాను. వాగు బాగుంది, ఆకులు బాగున్నాయి, వాల్టర్ ఆవాలు తింటున్నాడు. వాన దగ్గరికొచ్చేసరికి గిరిజ చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది. "ఏమండీ, ఇరుక్కున్న గదిని అన్నయ్యగారు లోపలికి ఎలా లాక్కున్నారు?" అంది. నేను మళ్ళీ చదివాను. మూడోసారి చదవలేదు. ఫోన్ తీసి వాల్టర్‌కి చేశాను. "అదెప్పుడో బాగైంది కదా! ఒక కొబ్బరికాయ, చిరిగిన చొక్కా ఏదో తీశాడు. నేనే టార్చి పట్టుకున్నాను. రోజూ పొద్దున గది బయటికి తోస్తాడు, రాత్రి లోపలికి లాగుతాడు. మంచివాడు మీ బావ. వంట బాగా చేస్తాడు" అన్నాడు. నన్ను కూడా ఉప్మా తినడానికి రమ్మన్నాడు.

నేను నీ కోసం వినాయకుడికి గుంజీళ్ళు తీశాను! గిరిజని అడుగు. ఈ మోకాళ్ళతో! అన్నం పళ్ళెం ముందు కూర్చుంటే అక్క గొంతు వినిపించేది, "నీ వల్లేరా" అని. షాపులో ఒకడి కారుకి ముందు టైర్లు వెనకా వెనకవి ముందూ వేశాను. ఎవణ్ణీ ఏడిపించబుద్ధి కాక, ఓనరు కాఫీలో ఉప్పు వేసే ఛాన్సు చేతికందితే వదిలేశాను. నువ్వేమో నా తప్పు దుప్పటిలా కప్పుకుని వాన చప్పుడు వింటున్నావు!

నేను చేసిన పని చిన్నదేం కాదు. కానీ నేను అడ్డం పెట్టింది ఒక్క కాయ. అది తీశాక కూడా నువ్వు అక్కడే ఉన్నావంటే, రెండోది నువ్వే పెట్టుకున్నావు.

అక్కకి చెప్పేద్దామని ఫోన్ తీశాను. మళ్ళీ పెట్టేశాను. చెబితే నా మీద కోపం దిగుతుంది, నిజమే. పచ్చి బాలింత ఉన్న ఇంట్లో ఆ మాట రేణు చెవిన పడుతుంది. "నాన్న రాలేక కాదు, రాకూడదని రాలేదు" అని దానికి తెలుస్తుంది. ఆ పని నేను చెయ్యలేను. నా కంటే నువ్వే బాగా చెయ్యగలవు అలాంటివి.

కొట్టేద్దామనుకున్నాను ఆ వాక్యాన్ని. ఉండనీ.

అల్లుడు నిశాంత్‌తో మాట్లాడాను. ఈ శనివారం ట్రక్కు వేసుకుని నీ దగ్గరికి వస్తున్నాడు. గది ఇరుక్కుందనే అనుకుంటున్నాడు. "అంకుల్, నేను ఇంటర్నెట్‌లో అంతా చదివాను, టూల్స్ కొన్నాను, మామయ్యగారికి సర్‌ప్రైజ్" అన్నాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, రెంచి ఎటు పట్టుకోవాలో తెలియదు. వచ్చేటప్పటికి గది బయట ఉంచుతావో లోపల ఉంచుతావో నీ ఇష్టం.

హనుమయ్య

*

క్యాంప్‌గ్రౌండ్,
అక్టోబరు 22.

హనుమా,

నీ ఉత్తరం చదివాను. వెధవా అని రాయాలని ఉంది. రాసే అర్హత లేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన పూటే తీశాను. నువ్వు చెప్పినట్టే బ్రేకు మీట వదిలి, బయటికి తిప్పి, కోశాను. నీ బనీను పీచులు పీచులుగా వచ్చింది. కాయ వాల్టర్ బూటు మీద పడింది. ఇద్దరం నవ్వుకున్నాం. లోపలికెళ్ళి బటన్ నొక్కాను. గది బుద్ధిగా లోపలికొచ్చి గోడకి అతుక్కుంది. ఎంత చక్కగా వచ్చిందో. ఇంక క్యారీ వెళ్ళకపోవడానికి ఏ కారణమూ లేదు. మళ్ళీ బటన్ నొక్కి బయటికి తోశాను. అంతే, హనుమా. ఆలోచించి చేసింది కాదు. తర్వాత కూర్చుని నీకు ఆ ఉత్తరం రాశాను. గారు పెట్టి రాస్తే నువ్వు నొచ్చుకుంటావు, నొచ్చుకుంటే ఇటు రావు అనుకున్నాను.

రేణుతో ఆ మాట అన్నప్పుడు అది ఏడవలేదు. "ఓకే డాడీ" అంది. కారు తలుపు పడే చప్పుడులో తేడా వంద అడుగుల దూరంలోంచి పట్టే చెవి నాది. ఆ రెండు ముక్కల్లో ఏం విరిగిందో నాకు వినిపించింది. వినిపించి కూడా ఆగలేదు. ఆరోగ్యం గురించి ఇంకో పది మాటలు చెప్పాను. సలహాలు ఇచ్చాను.

తర్వాత ఫోన్ చేస్తే తను ఎత్తలేదు. నేనూ మానేశాను. రావద్దని అది ఒక్కసారీ అనలేదు, అదే కష్టం. అని ఉంటే కోపం తెచ్చుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు బిడ్డనెత్తుకుని తలుపు తీసి, "రండి డాడీ" అని మర్యాదగా అంటే ఏం చెయ్యను? ఆ మర్యాదకి భయపడి ఇక్కడ దాక్కున్నాను. నీ తప్పు కింద దాక్కున్నాను. మీ అక్క నిన్ను తిడుతోందని తెలిసి కూడా. ఒక్కొక్కసారి నీ మీద నిజంగానే కోపం తెచ్చుకోవడానికి చూశాను, నువ్వు లేకపోతే ఈపాటికి అక్కడుండేవాణ్ణి కదా అని. నిలవలేదు.

నిశాంత్ ఎల్లుండి వస్తాడు. గది ఇప్పటికి బయటే ఉంది.

శేషగిరి

*

క్యారీ,
అక్టోబరు 27.

ఒరే వెధవా,

క్షేమంగా చేరాను. ట్రైలర్ ఇక్కడికి దగ్గర్లో ఒక పార్కులో పెట్టాం.

అల్లుడు శనివారం మధ్యాహ్నం దిగాడు. కొత్త టూల్‌బాక్స్‌కి ఇంకా ధర చీటీ వేలాడుతోంది. పలకరింపు అయిందో లేదో కింద దూరాడు. అబ్బాయ్, బాగైందని చెప్పబోయాను. నోరు పెగల్లేదు. వాడు కింద నుంచి "మామయ్యగారూ, బ్యాటరీ వోల్టేజ్ చెక్ చేశారా? ఫ్యూజ్ మార్చారా?" అని అడుగుతుంటే నేను చేశాను, మార్చాను అని జవాబులు చెబుతూ నిలబడ్డాను. కొండ చలి. వాడి చొక్కా అంతా బురద. ఏదో ఒక బోల్టు విప్పి, అదే బోల్టు మళ్ళీ బిగించి, మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు. "ఇప్పుడు ట్రై చేయండి!" అన్నాడు. బటన్ నొక్కాను. గది లోపలికి వెళ్ళిపోయింది. హనుమా, వాడు ఎగిరాడు! పాతికేళ్ళు దాటినవాడు, బిడ్డ తండ్రి, ఆ గడ్డిలో ఎగిరాడు. వాల్టర్ నా వైపు ఒక్క చూపు చూసి, టోపీ సర్దుకుని ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

దారంతా ఎలా రిపేరు చేశాడో నాకే వివరించాడు. ఇంటికొచ్చాక మీ అక్కకి చెప్పాడు. పక్కింటివాళ్ళకి చెప్పాడు. మీ అక్క "నా అల్లుడు బంగారం" అంటోంది. నువ్వు మాత్రం ఇంకా ఆ కాయ పెట్టిన కోతివే. ఆ కోపం నేను దించలేదు. కాస్త నీకు న్యాయంగా రావాల్సిందే.

రేణు తలుపు తీసింది. "రండి డాడీ" అంది. సరిగ్గా నేను భయపడినట్టే అంది.

మీ అక్క స్నానానికి వెళ్ళాక, అల్లుడు ఫోన్‌లో ఎవరికో మళ్ళీ రిపేరు కథ చెబుతుండగా, దాని ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను. గది ఎప్పుడు బాగైందో, నేను ఎందుకు రాలేదో. పోయినేడు నేనన్న మాట కూడా మళ్ళీ నోటితో అని, తప్పు చేశానమ్మా అన్నాను. ఇంగ్లీషులో సారీ అంటే తేలిగ్గా అయిపోయేది. తెలుగులోనే అన్నాను. గొంతు కిర్రుమంది.

అది బిడ్డ దుప్పటి సర్దింది. అవతల గదిలో నిశాంత్ "నో నో, ఇట్ వాజ్ ద బోల్ట్!" అంటున్నాడు. రేణు పెదవి కాస్త వణికింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"నిశాంత్‌కి చెప్పొద్దు డాడీ," అంది. "పాపం, హీ ఈజ్ సో హ్యాపీ."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. లేచి బిడ్డని నా ఒళ్ళో పెట్టి, పాలసీసాలు కడగడానికి వెళుతూ వెళుతూ ఆగింది. "అలా కాదు. తల కింద చెయ్యి పెట్టాలి" అని, తనే నా చెయ్యి పట్టుకుని సరిగ్గా పెట్టింది.

ఆ చెయ్యి తిమ్మిరెక్కింది. ఇంకా తియ్యలేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే, ఇది రెండో చేత్తో రాస్తున్నాను.

మీ బావ